కడుపుకీ కడుప్పుకీ నడుమ

మా ఊరికి దారెటు అని ఎవరైనా అడిగితే నాకు ముందు చిరాకు వస్తుంది, ఆ తర్వాతే జవాబు వస్తుంది. కోవిల్‌పట్టిలో తూర్పుకు వెళ్ళే బస్సు ఎక్కాలి. ముప్పావుగంట పోయాక, ఒక సిమెంటు బెంచీ తప్ప మరేమీ లేని మలుపు దగ్గర దిగాలి. అక్కణ్ణుంచి లోపలికి మూడు కిలోమీటర్లు నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది. వాన పడిందా, చెప్పు కింద ఇంకో చెప్పులా అతుక్కుని చచ్చినా వదలదు. రోజుకు మూడుసార్లు ఒక మినీబస్సు ఊళ్ళోకి వస్తుంది, అదీ నేల ఆరి ఉంటేనే. ఇదీ మా దారి. చాలా?

తొమ్మిదేళ్ళుగా ఈ దారి గురించి నేను చెప్పని చోటు లేదు. బడిలో టీచర్ల గదిలో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైల్లో పక్క సీటావిడకు కూడా చెప్పాను. పల్లెలో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ కావాల్సి వస్తే, ఆ కత్తి పట్టే చెయ్యి నూరు కిలోమీటర్ల అవతల ఉంటుందనీ, నడుమ బురదా, రాని బస్సూ, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రాసిచ్చే చీటీలూ ఉంటాయనీ ఆవేశంగా చెప్పేదాన్ని. విన్నవాళ్ళు అయ్యో పాపం అనేవారు. చెప్పిందంతా నిజమే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్క మాట మాత్రం దాచాను. దాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

నేను విరుదునగర్‌లో ఒక బడిలో తమిళం చెప్తాను. పుట్టింది తెలుగింట్లో. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఇటు వచ్చి పత్తీ మిరపా వేసుకున్నారో చెప్పగలిగే మనిషి మా ఊళ్ళో లేడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు వింటే మాత్రం ముసిముసిగా నవ్వుకుంటారు, సగం పాత మాటలు, సగం తమిళం అని. తమిళాన్ని మేము అరవం అంటాం. గడప దాటితే అంతా అరవమే. ఈ తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక, సెలవుల్లో కూర్చుని నేర్చుకున్నవి. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవడం వచ్చింది నాకొక్కదానికే.

ఆరో తరగతిలో నన్ను కోవిల్‌పట్టి బడిలో వేశారు. ఒకరోజు క్లాసులో కడుపునొప్పి వచ్చింది. లేచి నిలబడి, కంగారులో "కడుపు వలిక్కుదు టీచర్" అన్నాను. తమిళంలో కడుపును వయిరు అంటారు. కడుపు అనే మాట వాళ్ళకు లేదు. ప కింద ఇంకో ప తగిలించి కడుప్పు అంటే ఉంది. కడుప్పు అంటే మంట, చిరాకు. అదే పొట్ట గురించి అంటే రక్తమూ బంకా పడే విరేచనాలు. ఆ టీచరు నిజంగానే జాలిపడి, "కడుప్పా? పొద్దుటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళావమ్మా?" అని క్లాసంతా వినేలా అడిగింది. ఇంకేముంది! ఆ ఏడాది పొడుగునా నా పేరు కడుప్పు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే కడుప్పు, ఆటలో ఓడిపోతే కడుప్పు. ఆ పేరు వదిలించుకోవడానికే నేను తమిళంలో పెద్ద చదువు చదివానేమోనని ఇప్పటికీ అనుమానం.

అంటే ఈ రెండు మాటలకూ ఉన్న తేడా ఆ చుట్టుపక్కల జిల్లాల్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చదివేవాళ్ళు ఇది మర్చిపోకూడదు.

మా అమ్మ సంగతి వేరు. ఆమె ఇరవై ఏళ్ళు మిరపకాయల మూటలు కోవిల్‌పట్టి సంతకు తీసుకెళ్ళి అమ్మింది. అరవంలోనే బేరం. మాటలన్నీ వంకర్లే, అయినా వ్యాపారి నోరు మూయించి మరీ వచ్చేది. కానీ తెల్లబట్టలు వేసుకున్నవాళ్ళ ముందు, చేతిలో కాగితం పట్టుకున్నవాళ్ళ ముందు ఆ అరవం ఎటు పోయేదో ఏమో, నాలుక మీదికి తెలుగే వచ్చేది. తాలూకా ఆఫీసులోనూ అంతే, నా బడికి వచ్చినా అంతే. నాకు ఒళ్ళు మండిపోయేది. "నువ్వు ఊరికే ఉండమ్మా, నేను చెప్తాను" అనేదాన్ని. పదహారో ఏట మొదలుపెట్టిన మాట అది.

తొమ్మిదేళ్ళ కిందట, వానలు మొదలైన నెలలో, ఒక శనివారం నేను ఊళ్ళో ఉన్నాను. తమ్ముడు లారీ డ్రైవరు, అగ్గిపెట్టెల లోడు వేసుకుని కర్ణాటక వైపు పోయి ఉన్నాడు. అతని భార్య, అంటే నా మరదలు, అగ్గిపెట్టెల యూనిట్లో పనికి పొద్దున్నే వెళ్ళిపోయింది. ఇంట్లో అమ్మా, నేనూ, తమ్ముడి కూతురూ. పెళ్ళయిన ఆరేళ్ళకు పుట్టిన పిల్ల, అప్పటికి ఎనిమిది నెలలు. బోర్లా పడి, మోకాళ్ళ మీద లేచి, ముందుకు పోలేక వెనక్కి పోయేది. ఆ వెనకనడక చూసి మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం.

పది గంటలప్పుడు అమ్మ కేకేసింది.

"ఏమే, ఇట్లా రా. బిడ్డ ఏడుపు బాగలేదు."

"పండ్లు వస్తా ఉంటాయి లేమ్మా."

"పండ్లకి కాళ్ళు ముడుచుకొంటాదా?"

వెళ్ళి చూశాను. పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ రెండు మోకాళ్ళూ రొమ్ముకు లాక్కుంటోంది. మొహం పాలిపోయింది. రెండు నిమిషాల తర్వాత, ఎవరో మీట నొక్కినట్టు ఏడుపు ఆగింది. నా వేలు పట్టుకుని నవ్వింది కూడా. హమ్మయ్య అనుకున్నాను. పావుగంటకు మళ్ళీ అదే ఏడుపు. మళ్ళీ అదే నవ్వు. మూడోసారి తాగిన పాలన్నీ కక్కేసింది.

అమ్మ అరచేతికి ఆముదం రాసుకుని పిల్ల పొట్ట మీద నెమ్మదిగా రాసింది. మా చుట్టుపక్కల ఇళ్ళలో బిడ్డలందరి పొట్టలూ ఆమె చేతికి తెలుసు. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది.

"ఈడ గట్టిగా ఏందో ఉండాది. కుడిపక్క, దొండకాయ మాదిరి. చెయ్యి పెట్టు చూడు."

పెట్టాను. నాకేమీ తగల్లేదు. తగలకపోతే తగల్లేదని ఒప్పుకోవచ్చు కదా, "నీకు అన్నీ అట్లాగే తోస్తాయి" అన్నాను. మధ్యాహ్నానికి గుడ్డలో ఎర్రటి బంక పడింది. పిల్లను ఎత్తుకుని బయల్దేరాం.

పక్క ఊళ్ళో అప్పుడొక చిన్న క్లినిక్ ఉండేది. ఇప్పుడు లేదు, మూసేశారు. వారానికి మూడు రోజులు కోవిల్‌పట్టి నుంచి డాక్టరు వచ్చేవాడు, మిగిలిన రోజులు నర్సు ఒక్కతే. ఆ రోజు నర్సు రోజు. చేల గట్ల మీద నడిచి వెళ్ళాం. ఆకాశం మబ్బు పట్టి ఉంది కానీ నేల ఇంకా ఆరే ఉంది.

నర్సు చిన్నపిల్లే, ఇరవై నాలుగో ఇరవై ఐదో. మంచి ఇస్త్రీ చీర, చకచకా పట్టణం తమిళం. బల్ల మీద పిల్లను పడుకోబెట్టమని చెప్పి, "ఎన్నమ్మా ఆచ్చు?" అని అడిగింది. ఏమైందమ్మా అని. అడుగుతూనే పిల్ల చొక్కా పైకి తీసి, పొట్ట మీదికి చెయ్యి చాపింది.

అమ్మే ముందు నోరు తెరిచింది. "సిస్టర్, పిళ్ళైక్కి కడుపు... కడుపుల..." అని ఆగిపోయింది. వయిరు అనే మాట ఆమెకు ఆ క్షణాన దొరకలేదు. వంద బేరాలాడిన నోరు! చేత్తో కుడిపక్క చూపిస్తూ మళ్ళీ "కడుపు" అంది.

"కడుప్పా?" అంది నర్సు. అంటూ నవ్వింది. చెడ్డ నవ్వేమీ కాదు, పాపం, ముసలావిడ మాట తీరుకు ఎవరికైనా వచ్చే నవ్వు. తర్వాత పిల్ల గుడ్డలోని ఎర్రటి బంక చూసి, నా వైపు తిరిగి, "రత్తం పోగుదా? కడుప్పా?" అని అడిగింది. ఆ నర్సు ముందు నేను మళ్ళీ ఆరో తరగతిలో నిలబడ్డాను. చెవులు కాలిపోయాయి. అమ్మ ఇంకో మాట మాట్లాడకూడదు, మేము ఏ భాషవాళ్ళమో ఆ నర్సు అడగకూడదు, త్వరగా మందు తీసుకుని బయటపడాలి. నా మనసులో ఉన్నది అదే, పిల్ల కాదు. నా బుద్ధి గడ్డి తింది.

"ఆమా సిస్టర్, కడుప్పుదాన్" అన్నాను. ఔను, విరేచనాలే, అని. మంచి ఉచ్చారణతో.

పొట్ట మీదికి పోతున్న నర్సు చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చి మందుల బీరువా వైపు తిరిగింది. ఆ చెయ్యి ఇంకొక్క జానెడు ముందుకు పోయి ఉంటే దొండకాయ దొరికేదో లేదో నాకు తెలియదు. నేను పోనివ్వలేదు, అంతే తెలుసు.

అమ్మ నా కొంగు పట్టి లాగింది. "అది కాదే, లోపల గట్టిగా ఉండాదే, అది చెప్పు."

"నువ్వు ఊరికే ఉండమ్మా. నేను చెప్తా ఉండాను కదా."

ఆమె ఊరుకుంది.

నర్సును తప్పు పట్టను. గుడ్డలో రక్తం చూసింది, చదువుకున్న మనిషి ఔనంది, ఇంకేం కావాలి? నీళ్ళలో కలిపే పొడీ, ఒక సీసా మందూ ఇచ్చింది. తగ్గకపోతే కోవిల్‌పట్టికి తీసుకుపొమ్మని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చాక పిల్ల మందు తాగి మగతగా పడుకుంది. ఏడుపు లేదు. "చూశావా, మందు పట్టింది" అన్నాను గొప్పగా. అది తగ్గడం కాదట, పిల్ల డస్సిపోవడమట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అమ్మ మాత్రం పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఐదు గంటల మినీబస్సు ఊళ్ళోకి వచ్చిన హారన్ వినపడగానే లేచింది. పిల్లను చంకనేసుకుంది, గుడ్డసంచీలో రెండు చొక్కాలు కుక్కింది.

"పోదాం రా. కోయిల్‌పట్టి పోదాం. నాకు మనసు ఒప్పలేదు."

"ఇప్పుడు పోతే తిరిగి రావడానికి బస్సుండదు. నర్సు చూసింది కదమ్మా! నిద్రపోయే బిడ్డను లేపి అవస్థ పెట్టాలా? రేపు పొద్దున చూద్దాం."

బస్సు మా ఇంటి ముందు మలుపు తిరిగే చోట ఆగింది. డ్రైవరుకు మేమంతా తెలిసినవాళ్ళమే. అమ్మ చంకలో పిల్లనూ సంచీనీ చూసి, వస్తారా అని తల ఊపాడు. అమ్మ నా మొహం చూసింది. నేను డ్రైవరుకు చెయ్యి ఊపాను, లేదు పొమ్మని. బస్సు పోయింది. ఆ బస్సు వెనక అద్దం నాకు ఇప్పటికీ కనపడుతుంది.

పనినుంచి వచ్చిన మరదలికి, విరేచనాలని నర్సు చెప్పిందని చెప్పాను. పిల్ల పాలు తాగలేదు. చీకటి పడగానే వాన మొదలై తెల్లవార్లూ కురిసింది.

ఆదివారం పొద్దున పిల్ల పొట్ట ఉబ్బి గట్టిబడింది. పచ్చటి వాంతి అయింది. కళ్ళు తెరిచి ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. మరదలు ఒక్క అరుపు అరిచింది. పొద్దుటి బస్సు రాలేదు, ఆ బురదలోకి ఎలా వస్తుంది? ఎదురింటాయన ట్రాక్టరు తీశాడు, పావు కిలోమీటరు పోయి చక్రాలు దిగబడిపోయాయి. ఫోను చేస్తే ఒక ఆటోవాడు మలుపు దగ్గరికి వస్తానన్నాడు, లోపలికి మాత్రం రానన్నాడు. నడిచాం.

ముగ్గురం ఆడవాళ్ళం, ఒక పిల్ల. నా చెప్పులు పది అడుగుల్లో ఊడిపోయాయి. ప్రతి అడుగుకూ కాలు నేలలో నుంచి పీకాలి, పీకిన కాలితో పాటు రెండు శేర్ల మట్టి వస్తుంది. అమ్మ ముందు నడుస్తూ ఎక్కడ అడుగు వెయ్యాలో కాలితో చూపిస్తోంది. మరదలు, పిల్లను గుండెకు అదుముకుని, ఆ అడుగుల్లోనే అడుగులు వేస్తోంది. మూడు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. నిన్న సాయంత్రం ఇదే దారి మినీబస్సుకు పది నిమిషాలు. నేను ఆ లెక్క నడుస్తూనే వేసుకున్నాను.

కోవిల్‌పట్టిలో ఒక పెద్ద డాక్టరు చూశారు. ఏమీ అడగకుండా ముందు పొట్ట మీద చెయ్యి వేశారు. కుడిపక్కకు రాగానే ఆ చెయ్యి ఆగింది, సరిగ్గా అమ్మ చెయ్యి ఆగిన చోటే. "ఈ గడ్డ ఎవరైనా ముందే చూశారా?" అన్నారు. నేను తలొంచుకుని, మా అమ్మ నిన్న పొద్దున చూసిందని చెప్పాను. ఆయన అమ్మ వైపు ఒకసారి చూసి చీటీ రాశారు.

"ఇక్కడ కుదరదమ్మా. ఇంత చిన్న బిడ్డకు ఆపరేషన్ చేసేవాళ్ళు కావాలి, మత్తు ఇచ్చేవాళ్ళూ కావాలి. మదురై పోండి. ఎక్కడా కూర్చోకండి."

ఆంబులెన్సు ఉత్తరానికి తిరిగింది. సాత్తూరు దాటాక పిల్ల చేతులు చల్లబడ్డాయి. విరుదునగర్‌లో ఒక ఆసుపత్రి ముందు ఆపి, లోపలికి తీసుకెళ్ళి, నరం దొరక్క దొరక్క చివరికి పాదంలో సూది గుచ్చి సెలైను పెట్టారు. అక్కడా అదే మాట, మదురై పోండి అని. పదిహేనేళ్ళుగా కాపురముంటున్న నా ఊరు! నా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. ఆ పిల్లకు మాత్రం అది దారిలో ఇంకో మలుపు, అంతే. బయల్దేరేటప్పుడు కిటికీలోంచి మా బడి గోడ కనపడింది. చక్కని తమిళంలో మాట్లాడమని పిల్లలకు చెప్పే వాక్యం ఆ గోడ మీద ఉంది. రాయించింది నేనే. తల తిప్పుకున్నాను.

మదురైలో ఆపరేషన్ చేసింది ఒక డాక్టరమ్మ, నాకంటే చిన్నది. లోపలికి తీసుకెళ్ళే ముందు, మాకు అర్థం కావాలని తన కోటు చేతిని ముడిచి లోపలికి తోసి చూపించింది. "పేగు ఇలా పేగులోకే దూరింది. ముందే వచ్చి ఉంటే గాలి పంపి వెనక్కి తోయడానికి చూసేవాళ్ళం, చాలామందికి కోత లేకుండానే సరిపోతుంది. ఇప్పుడు లోపల నల్లబడి ఉంటుంది, కోసి తియ్యాలి. బతికించడానికే చూస్తాం." బతికించడానికే చూస్తాం అన్న మాట దగ్గర మరదలు నేల మీద కూలబడింది.

మూడు గంటల తర్వాత బయటికి వచ్చి, పిల్ల ఉంది అంది. మూరెడు పేగు తీసేశారు. పొట్ట పక్కన రంధ్రం పెట్టి సంచీ కట్టారు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఇంకో ఆపరేషన్ అన్నారు.

ఎండ తగ్గుతున్న వేళకు తమ్ముడు వచ్చాడు. లారీని ఎక్కడో దారిలో వదిలేసి, దొరికిన బస్సుల్లో వచ్చాడట. అద్దంలోంచి కూతుర్ని చూశాడు. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని అడిగాడు.

"నిన్ననే చూపించినారు కదా? బేదులని ఎవురు చెప్పినారు?"

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. మాట వచ్చేలోపు అమ్మ అంది:

"నేనేరా. కడుపు అంటిని. ఆ నర్సమ్మకి కడుప్పు అని ఇనపడింది. నా నోరే సరిగ్గా లేదు."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

తమ్ముడు అమ్మను ఒక్క మాట కూడా తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే. ఐదు నెలలు. మరదలు పిల్లను అమ్మ చేతికి ఇవ్వడం మానేసింది. సంచీ మార్చేటప్పుడు అమ్మ వేడినీళ్ళు కాచి తెచ్చి గడప దగ్గర పెట్టి, అక్కడే నిలబడేది, లోపలికి రమ్మంటారేమోనని. రమ్మనేవాళ్ళు కాదు. నేను శనివారం శనివారం వెళ్ళి ఆ పిల్లను ఎత్తుకుని ముద్దులాడేదాన్ని. నన్ను అందరూ మెచ్చుకున్నారు, అక్క లేకపోతే ఏమయ్యేదో, ఆంబులెన్సులో అంతా అక్కే మాట్లాడింది అని. అమ్మ అక్కడే నిలబడి ఉండేది.

చెప్దామనే అనుకున్నాను. పిల్ల ఇంటికి రానీ అనుకున్నాను. రెండో ఆపరేషన్ కానీ అనుకున్నాను. తమ్ముడు మామూలు కానీ అనుకున్నాను. అతను మామూలయ్యాక, మానిన పుండును ఎందుకు కెలకాలి అనుకున్నాను. ఆ తర్వాత ఎవరైనా అడిగితే నాకు బురద కథ దొరికింది. మూడు కిలోమీటర్ల రేగడి, రాని బస్సు, నూరు కిలోమీటర్ల అవతలి కత్తి. ఎంత చక్కగా సరిపోయిందో! నేలకు నోరు లేదు కదా. ఆ నేల మీద వేసింది చాలక, మిగిలింది అమ్మ నెత్తిన వేసి నేను మెల్లగా పక్కకు తప్పుకున్నాను.

పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈడు పిల్లలకంటే పొట్టి, ఏం తిన్నా ఒంటికి పట్టదు. పరిగెత్తడంలో మాత్రం దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పొట్ట మీద అడ్డంగా ఉన్న గీతకు జిప్పు అని పేరు పెట్టుకుంది. "అత్తా, నా జిప్పు తెరిస్తే లోపల ఏముంటాది?" అని అడుగుతుంది. కోవిల్‌పట్టి పల్లీమిఠాయి ఉంటుంది అంటాను. నవ్వుతుంది. నేనూ నవ్వి, ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి పోతాను. ఊరి దారికి ఈమధ్య సగం దాకా తారు వేశారు. కత్తి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ ఆదివారం తర్వాత అమ్మ ఏ ఆసుపత్రిలోనూ నోరు తెరవలేదు. కళ్ళకు చూపించినప్పుడూ అంతే, మోకాళ్ళకు చూపించినప్పుడూ అంతే. డాక్టరు ఏం అడిగినా నన్ను చూస్తుంది. "నువ్వే చెప్పు" అంటుంది. తన మాటే మనవరాలికి ముప్పు తెచ్చిందని నిజంగా నమ్ముతోందనీ, ఆ రోజు నర్సుతో నేను గబగబా అన్నది ఆమెకు అర్థం కాలేదనీ అనుకున్నాను. అర్థం కాలేదు కాబట్టే తన మీద వేసుకుందని తొమ్మిదేళ్ళు నమ్మాను.

పోయిన నెల ఆమెకు పొట్టలో నొప్పి వచ్చి విరుదునగర్ తీసుకొచ్చాను. డాక్టరు ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడిగాడు. అమ్మ పెదవులు బిగించి నన్ను చూసింది. నాకేం తెలుసు ఎక్కడ నొప్పో? నొప్పి ఆమెది. ఏదో చెప్పాను. పరీక్షలు రాసి, మర్నాడు రమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుని ఆమె ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇంక దాచలేకపోయాను.

"అమ్మా, ఆ దినం నర్సుకి కడుప్పు అని చెప్పింది నేనే. నువ్వు చెప్పింది ఆమెకి తప్పుగా ఇనపడిందని నాకు తెలుసు. తెలిసే ఔనన్నాను."

అమ్మ తొడిమ తీస్తూనే ఉంది. "తెల్సు" అంది.

"తెల్సా?"

"పక్కనే కదా ఉంటిని. నాకేం అరవం రాదా? ఇరవై ఏండ్లు సంతలో మిరపకాయలు ఏ బాసలో అమ్మితిననుకొంటివి?"

"మరి నీ మీద ఎందుకు ఏసుకొంటివి?" అన్నాను.

"వాడు నాతో ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటాడు? అమ్మను కదా. నీతో అయితే నిలిచిపోతాడు. బిడ్డ కూడా నీ దగ్గరికి రాకుండా పోతాది."

"అంతా తెలిసినదానివి, ఆసుపత్రిలో నోరు ఎందుకు తెరవవు మరి?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"నేను నోరు తెరిస్తే నీకు సిగ్గు కదా తల్లీ."

ఏడ్చాను. ఆమె మిరపచేతులతో ముట్టుకోలేక, మోచేత్తో నా భుజాన్ని తోసి, "ఊరుకో, ఊరుకో" అంది.

మర్నాడు ఆసుపత్రికి నడుస్తూ, ఈసారి నువ్వే చెప్పాలమ్మా, నేను మాట్లాడను అని ఆమె చేత ఒప్పించాను. డాక్టరు కుర్చీ జరుపుకుని అమ్మ వైపు తిరిగాడు, ఎక్కడమ్మా నొప్పి అని. అమ్మ గొంతు సవరించుకుంది. చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి పెట్టుకుని, నాకు అని అరవంలోనే మొదలుపెట్టింది.

"డాక్టర్, ఎనక్కు... కడుపు..."

"వయిరు" అన్నాను.

అనాలని అనలేదు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది, పిల్లల నోట్‌బుక్కులో తప్పు దిద్దినట్టు. డాక్టరు నా వైపు తిరిగాడు. అమ్మ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, పెదవులు మూసుకుంది.

"నువ్వే చెప్పు" అంది.